ఇష్టమైన స్కోర్ రీమాస్టర్ అయి వచ్చింది, మళ్లీ కొనాలా?

చెలో_వెనక_వరుస

నాకు ప్రాణంలాంటి ఒక సినిమా స్కోర్ (నేపథ్య సంగీతం) ఇప్పుడు రీమాస్టర్ అయి, అంటే పాత రికార్డింగ్‌కే ధ్వని మళ్లీ సర్ది, రెండు డిస్కుల ఎడిషన్‌గా వచ్చింది, కొనాలా వద్దా అని తేల్చుకోలేకపోతున్నాను. ఇలాంటివి మళ్లీ కొన్నవాళ్లు, చూసి ఆగిపోయినవాళ్లు ఇద్దరూ చెప్తే బాగుంటుంది.

సినిమా పేరు కావాలనే చెప్పట్లేదు, చెప్తే మాటలన్నీ ఆ సినిమా మీదకి వెళ్లిపోతాయి. ఎనభైల మొదట్లోది, మొత్తం ఆర్కెస్ట్రాయే, అనలాగ్ టేప్ మీద రికార్డ్ చేశారు. నా దగ్గరున్నది దాని మొదటి సీడీ. ఎల్పీలో (గ్రామఫోన్ రికార్డులో) ఉన్న ట్రాకుల్ని అదే వరుసలో సీడీకి ఎక్కించారు, అంతా కలిపి నలభై నిమిషాల లోపే. అది నాకు కంఠతా వచ్చు. ఏ ట్రాక్ తర్వాత ఎంత ఖాళీ వస్తుందో, ఏ చోట ఎవరో వాద్యకారుడి కుర్చీ కిర్రుమంటుందో కూడా తెలుసు.

కొత్తదాని మీదకి మనసు ఎందుకు పోతోందంటే, పాత సీడీని కంప్యూటర్‌లోకి ఎక్కించుకుని హెడ్‌ఫోన్స్‌లో వింటుంటే ఆర్కెస్ట్రా అంతా ఒక్కసారి లేచినప్పుడు ట్రంపెట్లు చెవిలో గుచ్చుకుంటాయి, వయొలిన్లు పై స్వరాల్లో కీచుగా ఉంటాయి. కొత్తదాంట్లో అది సరిచేసి ఉంటారేమోనని ఆశ. దానికి తోడు సినిమా చివర్లో ఆ ఇద్దరూ విడిపోయే సీన్‌లో వచ్చే సంగీతం, నా దృష్టిలో మొత్తం స్కోర్‌కే గుండెకాయ, పాత ఆల్బమ్‌లో లేనే లేదు. కొత్తదాంట్లో ఉంది.

మరి ఆలోచన దేనికంటే, ఇంతకుముందు వేరే స్కోర్ రీమాస్టర్ ఒకటి కొని విన్నాను. గుసగుసలా మొదలై మెల్లగా పెరగాల్సిన భాగం మొదటి సెకను నుంచే పెద్దగా వినిపించింది, ఇంక పెరగడానికి చోటే లేదు. దీనికి కూడా అదే గతి పట్టిస్తే నేను తట్టుకోలేను. పైగా ఒకసారి డబ్బు పెట్టి కొన్న సంగీతానికే మళ్లీ డబ్బు పెట్టాలా అన్నది కూడా ఒక పక్క పీకుతూనే ఉంది.

పాతటేపు

రీమాస్టర్ అన్న మాట చూసి ఏ నిర్ణయానికీ రాకండి. ముందు ఏ టేప్ నుంచి తీశారో కనుక్కోండి, మిగతావన్నీ దాని తర్వాతే.

ఆ రోజుల్లో సెషన్ జరిగినప్పుడు వాద్యాలన్నీ మల్టీట్రాక్ టేప్ మీద విడివిడిగా పడేవి, దాన్ని మిక్స్ చేసి స్టీరియో మాస్టర్ తయారుచేసేవారు, ఆ మాస్టర్ నుంచి ఎల్పీ కటింగ్‌కి ఇంకో కాపీ తీసేవారు. ఆ కాపీలో ఎల్పీకి తగ్గట్టు బేస్‌నీ ట్రెబుల్‌నీ సర్దేవారు, ఎందుకంటే ఎల్పీ గాడి అన్నిటినీ మోయలేదు. సీడీలు కొత్తగా వచ్చినప్పుడు చాలా సంస్థలు చేతికందిన టేప్‌తోనే పని కానిచ్చేశాయి, అది ఒక్కోసారి ఆ ఎల్పీ కాపీయే అయ్యేది. కాపీ తీసిన ప్రతిసారీ హిస్, అంటే టేప్ చేసే సుయ్‌మనే రొద, పెరుగుతుంది, పై స్వరాల మెరుపు తగ్గుతుంది. కాబట్టి కొత్త ఎడిషన్ వాళ్లు సెషన్ నాటి మొదటి తరం టేప్ వెతికి పట్టుకుని దాని నుంచి తీసి ఉంటే మీకు తేడా స్పష్టంగా తెలుస్తుంది. మల్టీట్రాక్ దొరికి మొత్తం కొత్తగా మిక్స్ చేసి ఉంటే అది ఇంకా పెద్ద విషయం, అప్పుడు దాన్ని రీమాస్టర్ అనడం కూడా తక్కువే. అలా కాక, పాత సీడీకి వాడిన టేప్‌నే మళ్లీ తీసుకుని కాస్త ఈక్యూ (బేస్, ట్రెబుల్ పాళ్లు) మార్చి, కాస్త వాల్యూమ్ పెంచి ఇచ్చి ఉంటే మీ పాత సీడీ చాలు.

డాల్బీ సంగతి కూడా చూడండి. 1966 తర్వాత స్టూడియోల్లో డాల్బీ ఏ (Dolby A) అనే పద్ధతి బాగా వాడుకలోకి వచ్చింది, దానితో హిస్ 10 డెసిబెల్స్ దాకా తగ్గుతుంది. కానీ రికార్డ్ చేసినప్పుడు పెట్టిన లెవెల్స్‌కీ ప్లే చేసేటప్పుడు పెట్టిన లెవెల్స్‌కీ పొంతన లేకపోతే పై స్వరాలు మసకబారతాయి, లేదా ఊపిరి తీసినట్టు పైకీ కిందకీ ఊగుతాయి. పాత సీడీలో ఇది సరిగ్గా పడకపోయి, కొత్తగా చేసినవాళ్లు ఓపిగ్గా సరిచేసి ఉంటే ఆ ఒక్కదానికే కొనొచ్చు.

అయితే కొత్తగా తీసిందే మంచిదని కూడా అనుకోవద్దు. టేప్‌కి కూడా వయసు మీద పడుతుంది. డెబ్భైలు, ఎనభైల నాటి కొన్ని రకాల టేపులు తేమ పీల్చుకుని, ఆక్సైడ్ పొరని పట్టి ఉంచే పదార్థం జిగురుగా మారిపోతుంది. వాటిని ప్లే చేయాలంటే ముందు 50, 55 డిగ్రీల దగ్గర గంటల తరబడి వేడి చేయాలి, అప్పుడు కొంతకాలం పనిచేస్తాయి. కాబట్టి టేప్ బాగున్న రోజుల్లో తీసిన పాత డిజిటల్ కాపీ, ఈరోజు నానా పాట్లు పడి తీసినదాని కన్నా నిండుగా ఉండే అవకాశం కూడా ఉంది.

ఇంకొకటి, టేప్‌లో లేనిదాన్ని ఎవరూ తేలేరు. 1958లో వచ్చిన వర్టిగో సినిమా స్కోర్ రికార్డింగ్ వాద్యకారుల సమ్మె వల్ల లండన్‌లో కొంత, వియన్నాలో కొంత జరిగింది. లండన్‌ది స్టీరియో, వియన్నాది మోనో. ఎన్నిసార్లు శుభ్రం చేసినా ఆ మోనో మోనోయే, దానిని అలాగే వినడం నేర్చుకోవాలి.

బుక్‌లెట్ చివర్లో టెక్నికల్ నోట్ గానీ నిర్మాత రాసిన మాట గానీ ఉంటుంది. పట్టించుకుని చేసినవాళ్లు ఏ టేప్, ఎక్కడ దొరికింది, ఏం చేశాం అని రాస్తారు. ఆ వివరాలు ఎక్కడా కనిపించకపోతే తొందరపడకండి.

నిశ్శబ్దం_విలువ

పాతటేపు గారు మూలం గురించి చెప్పారు, నేను వాల్యూమ్ గురించి చెప్తాను. మీరు భయపడుతున్నది సరిగ్గా దాని గురించే, ఆ భయం న్యాయమైనదే.

ఆర్కెస్ట్రా స్కోర్‌కి ప్రాణం నిశ్శబ్దానికీ హోరుకీ మధ్య ఉన్న దూరంలోనే ఉంటుంది. తొంభైల నుంచి మాస్టరింగ్‌లో లిమిటర్ వేసి చిన్న శబ్దాల్ని పైకి లేపి పెద్దవాటి తల నరికే అలవాటు పెరిగింది. ముందు పాప్, రాక్‌కి పట్టింది, తర్వాత స్కోర్లకీ అంటుకుంది. ఒకసారి అలా నొక్కేశాక ఇంట్లో మీరు వాల్యూమ్ ఎంత తగ్గించుకున్నా ఆ దూరం తిరిగి రాదు.

ఇందులో ఒక చిక్కుంది. రెండు రికార్డింగుల్లో ఒకటి కొంచెం, అంటే ఒక్క డెసిబెల్ పెద్దగా ఉన్నా, అది పెద్దగా ఉందని మనకి తెలియదు, 'ఇది ఎక్కువ స్పష్టంగా ఉంది, ఎక్కువ నిండుగా ఉంది' అనిపిస్తుంది. అమ్మేవాళ్లు వినిపించే నమూనా క్లిప్పులు విని పడిపోవడం అందువల్లే. రీమాస్టర్ క్లిప్ దొరికితే మీ పాత ట్రాక్‌నీ దాన్నీ రీప్లేగెయిన్ లాంటిదానితో సమానమైన లెవెల్‌కి తెచ్చి, ఏది ప్లే అవుతోందో మీకు తెలియకుండా మార్చి మార్చి వినండి. ఫూబార్2000 అనే మ్యూజిక్ ప్లేయర్ ప్రోగ్రామ్‌లో ఏబీఎక్స్ అనే సదుపాయం ఇందుకే ఉంది. అప్పటికీ కొత్తది బాగుందనిపిస్తే అది నిజంగా బాగున్నట్టే. క్లిప్ మరీ కుదించిన ఫైల్ అయితే మటుకు దాన్ని బట్టి పై స్వరాల సంగతి తేల్చకండి.

హై రిజల్యూషన్ అన్నదానికి కూడా కంగారు పడక్కర్లేదు. మామూలు సీడీ 16 బిట్, 44.1 కిలోహెర్ట్జ్. అంటే దాదాపు 96 డెసిబెల్స్ డైనమిక్ రేంజ్ (అతి చిన్న శబ్దానికీ అతి పెద్దదానికీ మధ్య దూరం), 22 కిలోహెర్ట్జ్ దాకా స్వరాలు పడతాయి. మనిషి చెవి మహా అయితే 20 దాకా వింటుంది, వయసు పెరిగేకొద్దీ అది ఇంకా తగ్గుతుంది. ఆనాటి మంచి అనలాగ్ టేప్ డాల్బీ లేకుండా 70 డెసిబెల్స్ చుట్టుపక్కలే ఇస్తుంది. ఆ టేప్‌లో ఉన్నదంతా సీడీలో హాయిగా పడుతుంది. 24 బిట్, 192 కిలోహెర్ట్జ్ పనికొచ్చేది స్టూడియోలో పనిచేసేటప్పుడు, మనం వినేటప్పుడు కాదు. ఎనభైల్లో నేరుగా 16 బిట్ డిజిటల్ మెషిన్ల మీద రికార్డ్ అయిన స్కోర్లయితే మరీను, రికార్డ్ అయినప్పుడే అంత ఉంది, తర్వాత ఎంత పెద్ద సంఖ్య ముద్రించినా అందులోకి కొత్తగా ఏమీ వచ్చి చేరదు.

నాకు వాల్యూమ్ కన్నా కోపం తెప్పించేది ఇంకోటి ఉంది, హిస్ తీసేస్తామని చేసే అతి. హిస్‌తో పాటు హాల్లో ప్రతిధ్వని, వయొలిన్ విల్లు తీగ మీద పడే ముందు వచ్చే ఆ చిన్న గాలి చప్పుడు, స్వరం ఆగిపోయాక మెల్లగా కరిగిపోయే తోక, అన్నీ కోసుకుపోతాయి. మిగిలేది శుభ్రంగా ఉంటుంది, కానీ మనుషులు ఒక గదిలో కూర్చుని వాయించినట్టు ఉండదు. కొత్తదాంట్లో హిస్ కొంచెం వినిపిస్తుందని ఎవరైనా సమీక్షలో ఫిర్యాదు చేసి ఉంటే నేనైతే దాన్ని శుభవార్తగా తీసుకుంటాను.

మొదటి_ఆల్బమ్_చాలు

నాది ఇద్దరికీ భిన్నమైన మాట. ధ్వని సంగతి పక్కన పెడదాం, రెండు డిస్కులు అన్నదే నాకు ఇబ్బంది.

సినిమాలో ఉన్న ప్రతి సంగీతపు ముక్కా విడిగా వినడానికి పుట్టలేదు. ఎవరో తలుపు తీసేటప్పుడు వచ్చే అరనిమిషం, కారు మలుపు తిరిగేటప్పుడు వచ్చే ఇరవై సెకన్లు, అవి సీన్‌లో పనిచేస్తాయి, డిస్కులో వరుసగా పేర్చితే సంగీతం మాటిమాటికీ మొదలై ఆగిపోతున్నట్టు ఉంటుంది. పాతకాలం స్వరకర్తలు చాలామంది ఆల్బమ్‌ని ఒక రచనలా కూర్చేవారు. సినిమా వరుసని పక్కన పెట్టి, రెండు మూడు సీన్ల సంగీతం కలిపి ఒక ట్రాక్ చేసేవారు, దానికో ఎత్తుగడ, ముగింపు ఇచ్చేవారు. 1975లో జాస్ (Jaws) సినిమా ఆల్బమ్ కోసం స్వరకర్త జాన్ విలియమ్స్ ఆ సంగీతాన్ని వినడానికి తగ్గట్టు మలిచి ప్రత్యేకంగా మళ్లీ వాయింపించారు. సినిమాలో వినిపించే అసలు రికార్డింగ్ డిస్క్ మీదకి రావడానికి 2000 దాకా పట్టింది. ఆ రెండూ విన్నవాళ్లకి తెలుసు, ఒకటి బాగుండి ఇంకోటి బాగుండకపోవడం కాదు, రెండు వేర్వేరు ప్రదర్శనలు.

ఇది మీకు ఎందుకు చెప్తున్నానంటే, కొత్త ఎడిషన్ సినిమా రికార్డింగ్ నుంచి తీసినదైతే మీకు కంఠతా వచ్చిన ఆ ట్రాక్ అందులో అదే పేరుతో ఉన్నా అదే టేక్ కాకపోవచ్చు. వేగం కొంచెం తేడాగా ఉంటుంది, ఫ్లూట్ ఒక్క క్షణం ముందే వస్తుంది, మీరు ఎదురుచూసే ఆ కుర్చీ కిర్రు రాదు. కొత్తవాళ్లకి అది పట్టదు, మీకు పడుతుంది. ట్రాకుల పట్టికలో పాత ఆల్బమ్‌ని కూడా విడిగా ఇచ్చారో లేదో చూడండి. ఇస్తే అది మీలాంటి వాళ్ల మీద గౌరవంతో చేసిన పని. ఇవ్వకపోతే, నా మాట వినండి, ఉన్నదానితో ఉండిపోండి.

పాతటేపు

మొదటి_ఆల్బమ్ గారూ, టేక్ గురించి మీరన్నది నూటికి నూరుపాళ్లు నిజం, అది నేను రాయాల్సింది. కానీ పాత ఆల్బమ్‌లో లేనివన్నీ స్వరకర్త వద్దనుకున్నవే అన్నట్టు మాట్లాడితే ఒప్పుకోలేను.

అమెరికాలో రికార్డ్ అయిన స్కోర్లనే తీసుకోండి. సినిమా కోసం వాయించినదాన్ని ఆల్బమ్‌గా వేయాలంటే వాద్యకారుల సంఘంతో ఉన్న ఒప్పందం ప్రకారం వాళ్లకి మళ్లీ విడిగా చెల్లించాలి. ఎనభై, తొంభైల్లో ఎన్నో స్కోర్ ఆల్బమ్‌లు అరగంటకే ఆగిపోవడానికి పెద్ద కారణం ఆ ఖర్చే. తక్కువ కాపీలు వేసే ఎడిషన్లకి ఆ షరతులు సడలాకే ఇవన్నీ పూర్తిగా బయటికి రావడం మొదలైంది. అంతకుముందు ఎల్పీకి ఒక్కో వైపు ఇరవై, ఇరవై అయిదు నిమిషాలే. ఇందులో కళ ఎంత, లెక్క ఎంత అని ఏ స్కోర్‌కి ఆ స్కోర్ చూసుకోవాలి.

పాత సీడీ అంటే అసలు ఆల్బమే అన్నది కూడా ప్రతిసారీ నిజం కాదు. 1978 నాటి సూపర్‌మ్యాన్ సినిమా సంగీతం రెండు ఎల్పీలుగా వచ్చింది, అమెరికాలో వేసిన మొదటి సీడీలో ఒక్క డిస్కులో పట్టించడానికి రెండు ట్రాకులు తీసేశారు. ఆ సీడీనే అసలైన ఆల్బమ్ అనుకుని ఏళ్ల తరబడి విన్నవాళ్లు ఎందరో. విస్తృత ఎడిషన్ వచ్చాక గానీ వాళ్లకి పూర్తి సంగీతం అందలేదు.

అడిగినాయన చెప్పింది తలుపు తీసే అరనిమిషం సంగీతం గురించి కాదు కదా. విడిపోయే సీన్ మొత్తం సంగీతం గురించి. అలాంటిది ఒక్కటి దొరికితే మిగతా డిస్కంతా వినకపోయినా కొన్న ఫలం దక్కినట్టే.

ఫ్లాట్_ట్రాన్స్‌ఫర్

ఎవరూ అడగలేదు గానీ, ఆ ట్రంపెట్లు గుచ్చుకోవడం మీకు సీడీ ప్లేయర్‌లో కూడా వినిపిస్తుందా, లేక కంప్యూటర్‌లో ఎక్కించిన ఫైళ్లలోనేనా? ఎనభైల నాటి మొదటి సీడీ అంటున్నారు కాబట్టి అడుగుతున్నాను.

ఆ రోజుల్లో కొన్ని సీడీలని ప్రీ-ఎంఫసిస్ పెట్టి తయారుచేసేవారు. అంటే రికార్డ్ చేసేటప్పుడు పై స్వరాల్ని కావాలని పెంచుతారు, చిట్టచివర 20 కిలోహెర్ట్జ్ దగ్గర అది దాదాపు 10 డెసిబెల్స్ ఉంటుంది. డిస్కులో దానికో ఫ్లాగ్ (గుర్తు) ఉంటుంది, సీడీ ప్లేయర్ ఆ ఫ్లాగ్ చూసి ప్లే చేసేటప్పుడు మళ్లీ అంతే తగ్గిస్తుంది, దాంతో పాటు డిజిటల్ రొద కూడా తగ్గుతుంది. మొదటి తరం కన్వర్టర్లు (ధ్వనిని అంకెలుగా, అంకెల్ని ధ్వనిగా మార్చేవి) అంత బాగుండేవి కావు కాబట్టి ఆ ఏర్పాటు. కంప్యూటర్‌లో రిప్ చేసినప్పుడు మాత్రం చాలా ప్రోగ్రాములు ఆ ఫ్లాగ్‌ని పట్టించుకోవు, పెంచినది పెంచినట్టే ఫైల్‌లో పడిపోతుంది. మీరు చెప్పిన కీచుదనం సరిగ్గా అలాగే ఉంటుంది. ఫ్లాగ్ ఒక్కోసారి డిస్క్ విషయసూచికలో కాకుండా సబ్‌కోడ్‌లో (సంగీతంతో పాటు డిస్కంతా నడిచే అదనపు సమాచారంలో) మాత్రమే ఉంటుంది, అందుకని ఒక ప్రోగ్రామ్ లేదని చెప్పినా సబ్‌కోడ్ చూసే ఇంకోదానితో కూడా చూడండి.

ఉందని తేలితే సాక్స్ అనే ఉచిత ప్రోగ్రామ్‌లో డీ-ఎంఫసిస్ ఫిల్టర్ ఉంది, ఫైళ్లని దాని గుండా పంపితే సరిపోతుంది. ముందు ఇది తేల్చుకోండి. పాత సీడీని దాని అసలు రూపంలో వినకుండా కొత్తదానితో పోల్చి ప్రయోజనం లేదు.

చెలో_వెనక_వరుస

అందరికీ ధన్యవాదాలు, ఇంత వివరంగా రాస్తారని అనుకోలేదు.

ఫ్లాట్_ట్రాన్స్‌ఫర్ గారూ, మీరు చెప్పింది నిజమే. విషయసూచికలో లేదు, సబ్‌కోడ్‌లో ఉంది. డీ-ఎంఫసిస్ చేసి విన్నాను. ట్రంపెట్లు వెనక్కి జరిగి గదిలో తమ చోట కూర్చున్నాయి, చెలోలు ముందుకొచ్చాయి, కింద డబుల్ బేస్ ఒక గీత గీసినట్టు నడుస్తుంటే ఇన్నాళ్లూ అది అక్కడే ఉందని నాకు తెలియనే తెలియదు. పాత ప్లేయర్ ఒకటి తెప్పించుకుని అందులో కూడా పెట్టి చూశాను, అదే ధ్వని. ఇంత మంచి మాస్టరింగ్ నా దగ్గరే ఉంది.

కాబట్టి ధ్వని కోసం మళ్లీ కొనాల్సిన పని నాకు లేదు. కొత్తదాని వివరాలు కూడా చూశాను. నిర్మాత రాసిన నోట్‌లో సెషన్ నాటి టేపుల నుంచి తీశామనీ, హిస్ తగ్గించడానికి పెద్దగా ఏమీ చేయలేదనీ ఉంది. పాత ఆల్బమ్ వరుస రెండో డిస్క్ చివర్లో విడిగా ఉంది. నమూనా క్లిప్ ఒకటి లెవెల్ సమానం చేసి, ఏది ఏదో తెలియకుండా నా సరిచేసిన ఫైల్‌తో పోల్చాను. తేడా చెప్పగలిగాను కానీ ఇది మేలు అని దేన్నీ ఎంచలేకపోయాను. కొత్తదాంట్లో హాలు కొంచెం విశాలంగా ఉంది, పాతదాంట్లో వయొలిన్లు కొంచెం దగ్గరగా ఉన్నాయి, అంతే.

అయినా కొంటున్నాను, విడిపోయే సీన్ సంగీతం కోసమే. ఇన్నేళ్లూ దాన్ని డైలాగుల కింద, వర్షం చప్పుడు కింద వింటున్నాను. మధ్యలో ఓబో ఒంటరిగా ఏదో అంటుంది, సరిగ్గా అక్కడే హీరో మాట అడ్డొస్తుంది. ఆ నాలుగు స్వరాలు ఏమిటో నాకు వినాలని ఉంది. మొదటి_ఆల్బమ్ గారు ఏమనుకుంటారో తెలియదు గానీ దీనికి మాత్రం నేను డబ్బు పెట్టడానికి వెనకాడను.

మొదటి_ఆల్బమ్_చాలు

ఏమీ అనుకోను, ఇది సరైన కారణం. పాత ఆల్బమ్ వరుసని విడిగా ఇచ్చారంటే చేసినవాళ్లకి ఆ సంగీతం మీద ప్రేముంది. కాకపోతే కొత్తది వచ్చింది కదా అని పాత సీడీ అమ్మేయకండి. అలాంటి తొలి మాస్టరింగ్‌లు మళ్లీ ఎవరూ వేయరు. ఒకవేళ అమ్మాలనిపిస్తే ముందు ఇక్కడ చెప్పండి, డీ-ఎంఫసిస్ విషయం తెలిసినవాళ్ల చేతికే వెళ్లాలి అది.

నిశ్శబ్దం_విలువ

కొత్త డిస్క్ వచ్చాక ఆ ఓబో ట్రాక్ డైనమిక్ రేంజ్ ఎంతుందో కొలిచి ఇక్కడ పెట్టండి, పాత ట్రాకులవి కూడా. అదే ఎడిషన్ గురించి ఆలోచిస్తున్నవాళ్లు ఇంకా ఉంటారు. పేరు కూడా చెప్పేయండి ఇక.